చేతికి తెలిసింది కాంట్రాక్టులోకి ఎక్కాలి

(ఒడిశాలోని బరంపురంలో జరిగిన కిరాణా, మసాలా దినుసుల టోకు వర్తకుల సమావేశంలో స్థానిక వ్యాపారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద రెండు గ్లాసులు పెట్టించాను. రెండింట్లోనూ మంచినీళ్లే. ఇటు పొట్లంలో పది లవంగాలు, అటు పొట్లంలో పది. ముందు వరుసలో ఉన్న పెద్దలు ఒకసారి రెండూ చేతిలోకి తీసుకుని చూడండి. రంగు ఒకటే, సైజు ఒకటే. పొట్లం విప్పగానే వాసన కూడా రెండింటికీ వస్తోంది కదా? ఇప్పుడు నీళ్లలో వేస్తున్నాను. ఈ గ్లాసు చూడండి, ఏడు మునిగిపోయాయి, మూడు తల పైకి పెట్టుకుని నిటారుగా నిలబడ్డాయి. ఆ గ్లాసులో ఎనిమిది అడ్డంగా పడుకుని తేలుతున్నాయి. అవి నూనె తీసేసిన లవంగాలు. ఆవిరి పట్టి నూనె లాగేసుకుని, ఎండబెట్టి, మంచి సరుకులో కలిపి అమ్మినవి. మీకు వచ్చిన వాసన ఆ మిగతా రెండింటిది.

ఈ పరీక్ష మా నాన్నగారు నేర్పారు, ఆయనకి మా తాతగారు. బడా బజారులో కొట్టు ఉన్న మన పాతవాళ్లందరికీ తెలిసిందే. గోరుతో లవంగం తొడిమని నొక్కితే నూనె చెమర్చాలి. జాజికాయని కోస్తే కత్తికి జిడ్డు అంటాలి. మిరియం పళ్ల మధ్య పెట్టి కొరికితే టక్కున పగలాలి, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. ఇదంతా మన చేతికి, ముక్కుకి, నాలుకకి తెలుసు. ఇవాళ నేను ఇక్కడ నిలబడి చెప్పదలచుకున్నది ఒకటే. విదేశం నుంచి సరుకు తెప్పించుకునేటప్పుడు ఈ తెలివిడి అంతా కొట్లోనే ఉండిపోతోంది, కాగితం మీదకి వెళ్లడం లేదు. నా మొదటి కంటైనర్‌లో నేను పోగొట్టుకున్న డబ్బంతా అక్కడే పోయింది.

ముందు మన ఊరి సంగతి. బరంపురం అంటే పట్టు అంటారు బయటివాళ్లు. మనకి తెలుసు, ఈ ఊరు ఊరగాయలు, అప్పడాలు, వడియాల ఊరు కూడా. తెలుగిళ్లలోనూ ఒడియా ఇళ్లలోనూ అదే వంటిల్లు, అదే ఎండబెట్టుడు. మన ఊరి అమ్మవారి జాతర బుఢీ ఠాకురాణీ యాత్ర వచ్చిన ఏడాది మన కొట్లలో మసాలా దినుసులు ఎలా వెళ్లిపోతాయో మీకు నేను చెప్పాలా? ఇచ్ఛాపురం, సోంపేట నుంచి మొదలుపెట్టి ఇటు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా చిల్లర కొట్లవాళ్లు మన దగ్గరికే వస్తారు. కాబట్టి సరుకు కదలదన్న భయం లేదు. ఆ సరుకులో విదేశాల నుంచి రావాల్సింది ఏది, అక్కర్లేనిది ఏది అన్నది ముందు తేల్చుకోవాలి.

పసుపు కోసం సముద్రం దాటక్కర్లేదు. మన పక్కనే కంధమాల్ ఉంది, అక్కడి పసుపుకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మిరపకాయ గుంటూరు నుంచి, జీలకర్ర గుజరాత్ ఊంఝా నుంచి వస్తాయి. లవంగం కన్యాకుమారి కొండల్లో పండుతుంది, మంచి సరుకే, కానీ దేశం అవసరానికి అది ఏ మూలకి? అందుకని మడగాస్కర్, టాంజానియా, కొమొరోస్, శ్రీలంక, ఇండోనేషియాల నుంచి తెప్పించుకుంటాం. అనాసపువ్వు వియత్నాం, చైనాల నుంచి వస్తుంది. మనం బిర్యానీలో వేసే మందపాటి చెక్క కూడా అక్కడిదే. ఇంగువ ముడి జిగురు అఫ్గానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌ల నుంచి వస్తుంది. దాని మొక్కని మన దేశంలో నాటడం 2020 అక్టోబరులో హిమాచల్ లాహౌల్ లోయలో మొదలైంది. అది చేతికి అందడానికి ఇంకా టైమ్ పడుతుంది.

ఈ సముద్ర వ్యాపారం మనకి కొత్త అనుకోకండి. చిలికా దగ్గర పాలూరు ఉంది కదా, అది మన గంజాం జిల్లాలోదే. రెండో శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలెమీ రాసిన భూగోళ గ్రంథంలో తూర్పు దేశాలకి ఓడలు తీరం విడిచి బయల్దేరే చోటుగా ‘పాలౌరా’ అని ఒక పేరు ఉంది. అది ఈ పాలూరే అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. గోపాల్‌పూర్ నుంచి మన తెలుగువాళ్లు, ఒడియావాళ్లు రంగూన్ వెళ్లిన రోజులు మన తాతల నోట విన్నవే. కార్తీక పున్నమి నాడు చిన్న పడవలు చేసి నీళ్లలో వదులుతాం. ఆనాటి ఓడలు వెళ్లిన దిక్కు జావా, సుమత్రా, బాలి. లవంగం పుట్టిల్లు కూడా ఆ దిక్కే, ఇంకా తూర్పున ఉన్న మలుకు దీవులు. ఆశ్చర్యం ఏమిటంటే లవంగం ఎక్కువగా పండేది ఇప్పటికీ ఇండోనేషియాలోనే, అయినా అందులో ఎక్కువ భాగం బయటికి రాదు. క్రెటెక్ అని లవంగం కలిపిన సిగరెట్లు ఉంటాయి అక్కడ, పంటలో పెద్ద వాటా వాటికే పోతుంది. అందుకే మనం అటు ఆఫ్రికా వైపు చూడాల్సి వస్తోంది.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. మా కొట్లో అంతకుముందు లవంగం ముంబై, చెన్నై దిగుమతిదార్ల దగ్గర కొనేవాళ్లం. నేరుగా తెప్పిస్తే కిలోకి ఇంత మిగులుతుందని లెక్క వేశాను. ఒక విదేశీ సప్లయర్ శాంపిల్ కొరియర్ చేశాడు, అర కిలో. నేను ఆ పొట్లం విప్పి నాన్నగారికి చూపించాను. ఆయన గోరుతో నొక్కారు, వాసన చూశారు, గ్లాసులో వేశారు. “బాగుంది రా, తెప్పించు” అన్నారు. ధర మార్కెట్ కంటే టన్నుకి 200 డాలర్లు తక్కువ. నేను పొంగిపోయాను. 14 టన్నులు, 50 కిలోల బస్తాలు 280. ముప్పై శాతం అడ్వాన్సు, మిగతాది ఓడ ఎక్కిన కాగితాల స్కాన్ కాపీలు చూసి పంపేశాను. కాంట్రాక్టులో సరుకు గురించి ఉన్నది ఒక్క లైను: లవంగాలు, చేతితో ఏరినవి, మంచి నాణ్యత.

కంటైనర్ విశాఖపట్నం చేరింది. ప్యాకింగ్ లిస్టులో స్థూల బరువు ఒకటి, షిప్పింగ్ లైను ఇచ్చే సరుకు రసీదు, అదే బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఇంకొకటి. ఆ తేడా సరిచేయించుకోవడానికి మెయిళ్లు, ఫోన్లు, అటు వాళ్ల ఆదివారాలు, ఇటు మన పండగలు. ఉచితంగా ఇచ్చే రోజులు అయిపోయాక షిప్పింగ్ లైనుకి కంటైనర్ అద్దె, కంటైనర్ దించి ఉంచే ఫ్రైట్ స్టేషన్‌కి స్థలం అద్దె రోజు రోజుకీ ఎక్కుతూనే ఉన్నాయి. అది కాక ఇంకో మాట, చాలామందికి తెలియదు. ఓడ రాక ముందు రోజుకే బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్ వాళ్లకి ఇచ్చే దిగుమతి పత్రం, దాఖలు చేసి ఉండాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకి 10,000 కట్టాలి. ఆ పదకొండు రోజులు నాకు నిద్ర లేదు. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా ఫోన్ వంకే చూసేవాడిని.

చివరికి సరుకు లారీ మీద మన గోడౌన్‌కి వచ్చింది. కళాసీలు దింపుతున్నారు. తలుపు వైపు ఉన్న మొదటి నలభై, యాభై బస్తాలు శాంపిల్ ఎలా ఉందో అలాగే ఉన్నాయి. లోపలికి వెళ్లేకొద్దీ బస్తా మోసే కళాసీ భుజం మీద తడి మచ్చ పడుతోంది. ఒక బస్తా కుట్టు విప్పించారు నాన్నగారు. మోచేయి దాకా చెయ్యి లోపలికి పెట్టి, అడుగు నుంచి పిడికెడు తీశారు. లవంగాలతో పాటు పుల్లలు ఉన్నాయి, పూమొగ్గ కోసేటప్పుడు వచ్చే కాడలు. కొన్ని ముడతలు పడి లేత గోధుమ రంగులో ఉన్నాయి, సరిగ్గా ఆరకముందే కుప్ప పోస్తే మగ్గి అలా అవుతాయి. ఆయన ఒకటి గోరుతో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, “ఇది తడి తిన్నది రా” అన్నారు. ఇంకేమీ అనలేదు. ఒక్క నిమిషం పట్టింది ఆయనకి. ఆ ఒక్క నిమిషం తెలివిడి, డబ్బు వెళ్లకముందు కాంట్రాక్టులో ఉండాల్సింది.

ఎండబెట్టాం, జల్లెడ పట్టించాం, పుల్లలు ఏరించాం, బూజు పట్టిన నాలుగు బస్తాలు పక్కన పెట్టేశాం. అంతా కలిపి వెయ్యి కిలోల పైనే పోయింది. మేం వేసుకున్న లాభం అంతకన్నా తక్కువ. సప్లయర్‌కి ఫొటోలు పంపాను. అతను ఒకే ప్రశ్న అడిగాడు: కాంట్రాక్టులో తేమ ఎంత అని రాశారు, కాడలు ఎంత శాతం అని రాశారు? నేను రాయలేదు. “మంచి నాణ్యత” అన్నదానికి అతని దేశంలో అర్థం వేరు, మా నాన్నగారి గోరుకి అర్థం వేరు.

రెండో కంటైనర్‌కి ముందు నేను, నాన్నగారు ఒక ఆదివారం కూర్చున్నాం. ఆయన చెబుతుంటే నేను రాశాను. “తడి ఉండకూడదు” అన్నారు. ఎంత తడి? మన ఆహార భద్రతా ప్రమాణాల్లో గోటా (పొడి చేయని) లవంగానికి తేమ 12 శాతం మించకూడదని ఉంది. అదే రాశాను. “నూనె ఉండాలి” అన్నారు. ప్రమాణాల్లో వందకి 17 పాళ్లు తగ్గకూడదని ఉంది, రాశాను. “చెత్త ఉండకూడదు” అన్నారు, బయటి పదార్థం ఒక శాతం. తల లేనివి, కాడలు, ముదిరి కాయలైనవి, మగ్గినవి ఒక్కొక్కటీ విడిగా ఎంత శాతం దాటకూడదో రాశాను. ఆయన చివర్న అన్న మాట నాకు బాగా గుర్తు. “శాంపిల్‌కి ఎక్కడి నుంచి తీస్తారో కూడా రాయి” అన్నారు. నిజమే కదా. తలుపు దగ్గర బస్తా ఒక్కటి చూస్తే ఏం తెలుస్తుంది? పై వరుస, మధ్య వరుస, అడుగు వరుస నుంచి ఇన్ని బస్తాల చొప్పున తియ్యాలని, కలిపి మూడు సీలు పొట్లాలు కట్టి ఒకటి అమ్మేవాడి దగ్గర, ఒకటి మన దగ్గర, ఒకటి పరీక్ష చేసిన సర్వేయర్ దగ్గర ఉంచాలని రాసుకున్నాం. సరుకు ఓడ ఎక్కే ఊళ్లోనే బయటి సర్వేయర్ చేత లోడింగ్ చూపించాలని, తేమ, బరువు అక్కడే కొలిపించాలని పెట్టాం. దానికి ఖర్చు ఉంది. ఆ ఖర్చు పెట్టడానికి మన వ్యాపారులు వెనకాడతారు, అది నాకు తెలుసు. అయినా పెట్టండి.

తడి ఎలా వస్తుందో కూడా చెప్పాలి, అమ్మేవాడే నీళ్లు చల్లాడని ప్రతిసారీ అనుకోకూడదు. కంటైనర్ అంటే ఇనప డబ్బా. పగలు ఎండకి లోపల వేడెక్కుతుంది, సరుకులోంచి తేమ ఆవిరి అవుతుంది. రాత్రి సముద్రం మీద చల్లబడగానే ఆ ఆవిరి పైకప్పుకి పట్టి చుక్కలు చుక్కలుగా బస్తాల మీద పడుతుంది. ఉడికే అన్నం గిన్నె మూత తీసి చూస్తే లోపల నీళ్లు ఎలా కారుతాయో అలాగే. వారాల తరబడి రోజూ ఇదే. మడగాస్కర్‌లో టోమాసినా రేవులో ఎక్కిన కంటైనర్ దారిలో ఓడ మారి మన రేవుకి చేరేసరికి చాలా రాత్రులు గడుస్తాయి. అందుకని గోడలకి, పైకప్పుకి మందపాటి క్రాఫ్ట్ పేపర్ కట్టించాలి, తేమ పీల్చే సంచులు వేలాడదీయించాలి, అన్నిటికన్నా ముందు ఎక్కించే సరుకే పొడిగా ఉండాలి. ఇవి కూడా కాంట్రాక్టులో రాయండి. ఆ దేశంలో లవంగం పండే ప్రాంతం పేరు అనలంజిరోఫో. లవంగాల అడవి అని అర్థమట. వినడానికే ఎంత బాగుందో. అక్కడ చిన్న రైతులు చాప మీద ఆరబెట్టిన మొగ్గ మన ఊరగాయలోకి వచ్చేదాకా ఎన్ని చేతులు మారుతుందో ఊహించండి. ఎక్కడ ఏ చెయ్యి కాస్త తొందరపడినా మనకి తెలిసేది గోడౌన్‌లోనే.

ఇక డబ్బు సంగతి. మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది, లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ), అంటే కాగితాలు చూసి డబ్బు ఇస్తానని మన బ్యాంకు రాసిచ్చే హామీ, పెడితే భయం లేదని. ఎల్‌సీ మంచిదే, నేను కాదనను. కానీ దాని రూలు తెలుసుకోండి. ప్రపంచంలో బ్యాంకులు దాదాపు అన్నీ యూసీపీ 600 అనే నిబంధనల ప్రకారం నడుస్తాయి, 2007 జులై నుంచి అమల్లో ఉంది. అందులో అయిదో అధికరణం చెప్పేది ఏమిటంటే, బ్యాంకులు చూసేది కాగితాలను, సరుకును కాదు. అడిగిన కాగితాలు అడిగినట్టు ఉంటే బ్యాంకు డబ్బు ఇచ్చేస్తుంది, బస్తాలో మట్టి ఉన్నా సరే. అంటే ఏమిటి? సర్వేయర్ ఇచ్చే నాణ్యత సర్టిఫికెట్ కావాలని మీరు ఎల్‌సీలో అడగకపోతే, అది బ్యాంకు దృష్టిలో లేనట్టే. తేమ 12 లోపు అని ఆ సర్టిఫికెట్ మీద ఉండాలని అడగండి. అప్పుడు నాన్నగారి గోరు బ్యాంకు కౌంటర్ దగ్గర కూడా పనిచేస్తుంది.

టీటీ, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా, అడ్వాన్సు పంపేవాళ్లకి ఒక జాగ్రత్త. డబ్బు పంపే రోజు దగ్గర పడ్డాక “మా బ్యాంకు అకౌంట్ మారింది” అని మెయిల్ వస్తే ఆగిపోండి. మెయిల్‌కి మెయిల్‌తో జవాబు అడగొద్దు. పాత నంబరుకి ఫోన్ చేసి, వీడియోలో మనిషి ముఖం చూసి కన్ఫర్మ్ చేసుకోండి. మధ్యలో దూరి అకౌంట్ నంబరు మార్చే దొంగలు ఈ వ్యాపారంలో చాలామంది తయారయ్యారు. వెళ్లిన డబ్బు తిరిగి రావడం కష్టం.

(సభలోంచి ఒకరు: మిరియాలు వియత్నాంలో చవక కదా, అవి తెప్పిస్తే?)

మంచి ప్రశ్న, నేనే వద్దామనుకుంటున్నాను అక్కడికి. వియత్నాం మిరియం చవకే, ప్రపంచంలో ఎక్కువ పండించేది వాళ్లే. కానీ మన రైతుని కాపాడటానికి ప్రభుత్వం 2017 డిసెంబరులో కనీస దిగుమతి ధర పెట్టింది, కిలో 500 రూపాయలు. మన రేవుకి చేరిన ధర అంతకన్నా తక్కువైతే తెప్పించుకోవడానికే వీల్లేదు. దాని మీద మామూలు కస్టమ్స్ సుంకం 70 శాతం. లెక్క వేద్దాం. 500కి 350 సుంకం. ఆ సుంకం మీద పది శాతం సంక్షేమ సర్‌చార్జి, 35. మొత్తం 885. దాని మీద 5 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద కట్టే జీఎస్టీ, వేస్తే 929 దాటుతుంది. ఆసియాన్ ఒప్పందం కింద కొంత తగ్గింపు ఉంది, అయినా తెచ్చి ఏం మిగులుతుంది? మన కేరళ, కర్ణాటక మిరియమే కొనుక్కోండి. సుంకాలు బడ్జెట్‌కి మారుతుంటాయి, నేను చెప్పిన అంకెలు పట్టుకుని ఆర్డరు పెట్టకండి, ఆ రోజు రేటు చూసుకోండి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. శ్రీలంకతో మనకి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2000 నుంచి అమల్లో ఉంది. అక్కడి మిరియం ఏడాదికి 2,500 టన్నుల దాకా సుంకం లేకుండా రావచ్చు. దీన్ని చూసి వేరే దేశం మిరియం శ్రీలంక మీదుగా తిప్పి, శ్రీలంకది అని సర్టిఫికెట్ పెట్టి పంపేవాళ్లు ఉన్నారు. “కాగితాలన్నీ మేం చూసుకుంటాం అన్నా, నువ్వు సంతకం పెట్టు” అంటారు. పెట్టకండి. 2020 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. సరుకు నిజంగా ఏ దేశంలో పుట్టిందో వివరాలు దిగుమతిదారు దగ్గర ఉండాలి, అడిగితే చూపించాలి. పట్టుబడితే సంతకం పెట్టిన మనమే పోతాం, పంపినవాడు కాదు. అలాగే టాంజానియాలోని జాంజిబార్ దీవుల లవంగం చవగ్గా ఇస్తానని ఏ ప్రైవేటు మనిషైనా మెయిల్ పెడితే ఒకసారి ఆగండి. అక్కడ రైతుల దగ్గర లవంగం కొనేది, బయటికి పంపేది ప్రభుత్వ సంస్థ. ఈ మనిషికి సరుకు ఎక్కడి నుంచి వచ్చింది అని అడగండి.

చెక్క గురించి. మనం దాల్చినచెక్క అని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం కాసియా. అసలు దాల్చిన శ్రీలంకది. పల్చగా కాగితంలా ఉంటుంది, పొర మీద పొర చుట్టుకుని చుట్టలా కనబడుతుంది, వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. కాసియా మందంగా ఒకే పొర, విరిస్తే టప్పుమంటుంది. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ ఎక్కువ తింటే కాలేయానికి మంచిది కాదు. మన చట్టంలో రెండూ వేరు వేరు పేర్లు, ఒకదాని పేరుతో ఇంకోటి అమ్మకూడదు. కాసియా అమ్మండి, తప్పు లేదు, కాసియా అనే రాసి అమ్మండి. చిల్లర కొట్టువాడికి కూడా అదే చెప్పండి. అన్నట్టు చెక్క తేలిక సరుకు. మిరియాలు పట్టినంత బరువు అదే కంటైనర్‌లో చెక్క పట్టదు, కాబట్టి కిలోకి పడే ఓడ కిరాయి ఎక్కువ. కొత్తవాళ్లు లెక్కలో ఇక్కడే తప్పుతారు.

గసగసాలు. తెలుగువాళ్లకి మసాలాలోకి కావాలి, ఒడియావాళ్లకి పోస్తు కూరలోకి కావాలి, కాబట్టి మన ఊళ్లో దానికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. కానీ అది నల్లమందు మొక్క గింజ. గ్వాలియర్‌లో సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ ఉంది, కొనుగోలు కాంట్రాక్టు వాళ్ల దగ్గర రిజిస్టర్ చేయించాలి. ఆ పంట ఆ దేశంలో చట్టబద్ధంగా పండించిందేనని రుజువు ఉండాలి. మొదటి ఏడాది దాని జోలికి వెళ్లొద్దు. లైసెన్సు పద్ధతి తెలిసిన పెద్ద దిగుమతిదారు దగ్గర కొనుక్కోండి.

కాగితాలు తొందరగా చెప్పేస్తాను. విదేశీ వాణిజ్యం చూసే ప్రభుత్వ కార్యాలయం డీజీఎఫ్‌టీ నుంచి ఐఈసీ నంబరు, అంటే దిగుమతి-ఎగుమతి కోడ్, కావాలి, ఫీజు 500 రూపాయలు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపల దాన్ని అప్‌డేట్ చేయాలి, మర్చిపోతే ఆగిపోతుంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు కేంద్రానిది కావాలి. మన కొట్టు గోడకి తగిలించుకున్న రాష్ట్ర లైసెన్సు దిగుమతికి చాలదు, అమ్మకం ఎంత చిన్నదైనా సరే. ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్, పొగ వేసినట్టు సర్టిఫికెట్, పుట్టిన దేశం సర్టిఫికెట్ అసలు కాపీలు ఓడ కన్నా ముందు మన చేతికి రావాలి. రేవులో ఆహార అధికారులు శాంపిల్ తీస్తారు. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ మసాలా దినుసుల్లో కిలోకి 30 మైక్రోగ్రాములు దాటకూడదు. దాటితే సరుకు వెనక్కి పంపాలి, లేదా నాశనం చేయాలి. తడి సంగతి అంతసేపు ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమవుతుంది.

సరిహద్దులో ఉన్న మనవాళ్లకి ఒక అనుమానం ఎప్పుడూ ఉంటుంది. మన జీఎస్టీ ఒడిశాది, సరుకు దిగేది ఆంధ్రాలో విశాఖలో, అక్కడ కూడా రిజిస్ట్రేషన్ తీసుకోవాలా అని. అక్కర్లేదు. దిగుమతిలో దిగుమతిదారు ఎక్కడ ఉంటే అదే స్థలం లెక్క. బిల్ ఆఫ్ ఎంట్రీ మీద మన ఒడిశా జీఎస్టీ నంబరు వేస్తే కట్టిన ఐజీఎస్టీ క్రెడిట్ మనకే వస్తుంది. ఇచ్ఛాపురం దాటేటప్పుడు లారీలో ఈ-వే బిల్లు, బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ ఉంటే చాలు. ఆ నంబరు ఒక్క అంకె తప్పు పడినా క్రెడిట్ ఇరుక్కుంటుంది, కస్టమ్స్ బ్రోకర్ ఫైల్ చేసే ముందు చెక్‌లిస్ట్ పంపించమని అడిగి మీ కళ్లతో చూడండి.

(సభలోంచి ఒక యువకుడు: నాది పర్లాకిమిడి అండీ. ఒక కంటైనర్ లవంగం మొత్తం కొనే శక్తి నాకు లేదు. నేనేం చేయాలి?)

బాబూ, నువ్వు అడిగిందే ఇక్కడ సగం మంది మనసులో ఉంది. మూడు దారులు కనిపిస్తున్నాయి నాకు. ఒకటి, చిన్న మొత్తం అయితే పదిమంది సరుకు కలిపి వచ్చే కంటైనర్‌లో నీ వాటా. కానీ పక్కవాడి సరుకు ఏమిటో నీకు తెలియదు. డిటర్జెంట్ పక్కన లవంగం వస్తే వాసన పట్టుకుంటుంది, నేను కళ్లారా చూశాను. రెండోది, సరుకు సముద్రం మీద ఉండగానే పెద్ద దిగుమతిదారు దగ్గర కొనడం. మూడోది నాకు నచ్చేది. ముగ్గురు నలుగురు కలిసి ఒకరి పేరు మీద తెప్పించుకుని, ముందే రాసుకున్న ఒప్పందం ప్రకారం పంచుకోవడం. ఎవరి వాటా ఎంత, తరుగు వస్తే ఎలా పంచుకోవాలి, డాలరు పెరిగితే ఎవరు భరించాలి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. మనం మనం ఒకటే కదా అని నోటిమాటతో సరిపెట్టుకుంటే మూడో నెలకి మాటలుండవు.

ముందు నువ్వు ఒక పని చెయ్యి. వచ్చే ఆదివారం కొట్టుకి రా. నా రెండో కంటైనర్ కాంట్రాక్టు, నాన్నగారు చెప్పగా రాసిన ఆ కాగితం, చూపిస్తాను. అక్కడక్కడా కొట్టివేతలు ఉన్నాయి, చివర ఆయన చేత్తో ఒక లైను కలిపారు: బస్తా కుట్టు తెల్ల దారంతో ఉండాలి, విప్పి మళ్లీ కుడితే తెలుస్తుంది. ఇప్పటికీ నేను ప్రతి ఆర్డరులో ఆ లైను రాస్తాను, సర్వేయర్ ఆ దారం ఫొటో కూడా పంపుతాడు. దాని కాపీ తీసుకెళ్లు. మీలో ఎవరు వచ్చినా ఇస్తాను.

ఈ గ్లాసులు వెనక వరుసల దాకా పంపండి. అక్కడివాళ్లు కూడా చూడాలి. కాస్త జాగ్రత్తగా, నీళ్లు ఒలక్కుండా.